నైట్ పెట్రోలింగ్‌కు ఏ టార్చి: సెల్లు ఊడదీసేదా, లోపలే ఉండేదా?

బీట్ నంబర్ ఏడు (నల్లగొండ)

అన్నలందరికీ నమస్తే. మాది 65వ నంబర్ హైవే మీది స్టేషన్. నైట్ పెట్రోలింగ్‌కు మా బ్యాచ్ ముగ్గురం సొంత డబ్బులతో రీచార్జబుల్ టార్చిలు కొందామనుకుంటున్నాం. ఒకడు టైప్-సి కేబుల్ పెట్టి ఫోన్ లాగే చార్జ్ చేసుకునే సీల్డ్ టార్చి చాలంటున్నాడు. ఇంకొకడు సెల్లు బయటికి తీసి మార్చుకునేదే కొనాలని పట్టుబట్టాడు. ఆన్‌లైన్లో చూస్తే పది వేల ల్యూమెన్లు (మొత్తం వెలుతురు కొలత), ఇరవై వేల ల్యూమెన్లు అని రాసి ఏడెనిమిది వందలకే ఇస్తున్నారు. మా పని వాహనాల తనిఖీ, రోడ్డు పక్కన ఆగిన లారీలు చూడటం, ఇసుక ట్రాక్టర్ల కోసం వాగుల్లోకి దిగడం, అప్పుడప్పుడు వ్యవసాయ బావుల దగ్గర వెతకడం. వానలో కూడా పని చేయాలి. ఒక్కోటి మూడు వేలు దాటొద్దు. ఏ కంపెనీ అన్నదానికంటే ఏం చూసి కొనాలో చెప్పండి.

జడ్చర్ల రోడ్డు

సీల్డే తీసుకో తమ్మీ, ఆలోచించకు. పెట్రోలింగ్ కారులో ఫోన్ చార్జర్ ఎలాగూ ఉంటుంది, అదే కేబుల్‌తో పనైపోతుంది. సెల్లు తీసేదానికి విడిగా చార్జర్ కావాలి. ఆ చార్జర్ స్టేషన్లో ప్లగ్గుకు పెట్టి భోజనానికి వెళ్లొస్తే ప్లగ్గు ఉంటుంది, చార్జర్ ఉండదు. ఇంకోటి, విడి సెల్లు ప్యాంటు జేబులో వేసుకుంటే తాళంచెవులు, చిల్లర తగిలి షార్ట్ అయిందంటే తొడ కాలుతుంది. లిథియం సెల్లుతో ఆటలొద్దు. మూత తిప్పే పని లేకపోతే నీళ్లు పోయే దారి కూడా తక్కువ.

సెల్లు మెకానిక్ (మహబూబ్‌నగర్)

బ్యాటరీలు, ఇన్వర్టర్లు, టార్చిలు బాగు చేయడమే నా పని. ముందు ఆ పది వేల ల్యూమెన్ల సంగతి తేల్చుకుందాం, సీల్డా కాదా అన్నది తర్వాత.

టార్చిలో ఎక్కువగా వచ్చేవి రెండు రకాల సెల్లులు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. 21700 అంటే 21 మందం, 70 పొడవు. మంచి కంపెనీ 18650 సెల్లులో మామూలుగా 3,500 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత) దాకా, 21700లో 5,000 దాకా పడుతుంది. 18650 మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చేసి అమ్మేవాడు అబద్ధం అమ్ముతున్నాడు. అలాంటివి నా దగ్గరికి వచ్చినప్పుడు మీటర్ పెట్టి చూస్తే రాసినదాంట్లో చారానా వంతు ఉండటం కూడా కష్టం.

ఇప్పుడు లెక్క చూడండి. 3,500 ఎంఏహెచ్‌ను 3.6 వోల్టులతో గుణిస్తే దాదాపు 12.6 వాట్-అవర్. మంచి ఎల్‌ఈడీ అయితే లెన్సు, సర్క్యూట్ నష్టాలన్నీ పోను ఒక వాట్‌కు సుమారు వంద ల్యూమెన్లు అనుకోవచ్చు. అంటే పది వేల ల్యూమెన్లకు వంద వాట్లు. ఆ ఒక్క సెల్లు అంత కరెంటు ఇవ్వలేదు. ఇచ్చిందనుకున్నా ఏడెనిమిది నిమిషాల్లో ఖాళీ. పైగా ఆ వేడికి టార్చి చేతిలో సోల్డరింగ్ ఐరన్ అవుతుంది.

అదే 300 ల్యూమెన్లయితే మూడు వాట్లే. 21700 సెల్లు 18 వాట్-అవర్ కాబట్టి ఆపకుండా వెలిగించినా ఆరు గంటల లెక్క. పెట్రోలింగ్‌లో ఎవరూ ఆపకుండా వెలిగించరు. డబ్బా మీద '1,000 ల్యూమెన్లు, 3 గంటలు' అని ఉంటే మొత్తం మూడు గంటలూ వెయ్యి వస్తుందని కాదు. ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం వెలుతురును టార్చి వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. రన్‌టైమ్ మాత్రం వెలుతురు అందులో పదో వంతుకు పడేదాకా లెక్కేస్తారు. కొన్ని టార్చిలు వేడెక్కగానే నాలుగైదు నిమిషాల్లో సగానికి దిగి, మిగతా టైమంతా గుడ్డిగా వెలిగి కూడా డబ్బా మీద మంచి మార్కులు తెచ్చుకుంటాయి.

పాత హెడ్డు (సూర్యాపేట)

మెకానిక్ గారి లెక్కలు బాగున్నాయి. నేను రిటైరైన మనిషిని, మా రోజుల్లో మూడు సెల్లుల స్టీలు బ్యాటరీ లైటు. వెలుతురు పసుపు రంగులో బుడ్డి దీపమంత వచ్చేది, కానీ చేతిలో బరువు ఉండేది. అవసరమైతే లాఠీ పని కూడా చేసేది. ఇప్పటివి పెన్ను లాగా ఉన్నాయి. రాత్రి ఒంటరిగా తాగుబోతుల మధ్యకు వెళ్లేవాడికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. కాస్త పొడుగుది, బరువుది చూసుకో బాబూ.

రాత్రి డ్యూటీ (నాగర్‌కర్నూల్)

హెడ్డు సార్, ఆ మాట మాత్రం వద్దు. అమెరికాలో మాగ్‌లైట్ అనే పొడుగాటి టార్చిని పోలీసులు అట్లాగే వాడేవారు. 2004లో లాస్ ఏంజెలెస్‌లో దొంగిలించిన కారులో పారిపోయినవాణ్ని పట్టుకుని టార్చితో కొట్టడం టీవీ కెమెరాకు చిక్కి పెద్ద గొడవైంది. ఆ తర్వాత ఆ డిపార్ట్‌మెంట్ బరువు టార్చిలు వద్దని చిన్నవాటికి మారింది. వాళ్ల కోసమే పెలికాన్ కంపెనీ 7060 అనే చిన్న ఎల్‌ఈడీ మోడల్ తయారు చేసింది. మనకు లాఠీ ఉంది. టార్చి దెబ్బ తలకు తగిలితే ఎంక్వైరీలో 'లైటే కదా సార్' అంటే నడవదు.

ఇంకో సంగతి, నా చేయి చిన్నది. ఆ లావు టార్చి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో మన పోలీసు యాప్‌లో బండి నంబరు కొట్టడం నాతో కాదు. ఫోన్ టార్చి చాలు కదా అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. ఫోన్‌తో వేరే పని ఉంటుంది. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. ఫోన్ వీడియో తీస్తుంటే వెలుతురు ఎక్కడి నుంచి రావాలి?

వీడియో అన్నాను కాబట్టి ఇది కూడా చూసుకోండి. చవక టార్చిలు వెలుతురు తగ్గించడానికి ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. కంటికి తెలియదు గానీ వీడియోలో అడ్డంగా నల్ల చారలు పరుగెడుతుంటాయి. షాపులో కొనేటప్పుడే తక్కువ వెలుతురులో పెట్టి గోడ మీద కొట్టి ఫోన్ కెమెరాలో చూడండి. రంగులు కూడా అంతే. మరీ నీలంగా ఉండే తెల్ల వెలుతురులో మెరూన్ చొక్కా, గోధుమ రంగు చొక్కా ఒకేలా కనిపిస్తాయి, నెత్తురు మరక, ఆయిల్ మరక తేడా తెలియదు. సీఆర్‌ఐ (రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 అని ఉన్నవి కొంత వెలుతురు తక్కువిచ్చినా రంగు ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి. పంచనామాలో రంగు రాసేది మనమే కదా.

పాత హెడ్డు (సూర్యాపేట)

సరే అమ్మా, లాఠీ మాట వెనక్కి. కానీ రోడ్డు మీద లారీ ఆపడానికి తెల్ల లైటు ఊపొద్దు అన్నది కూడా రాయండి. వరి కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల పట్టా కప్పి పోతారు. బైకు మీద వచ్చేవాడికి ఆ కుప్ప కనిపించదు. అక్కడ నిలబడి వచ్చే బండ్ల మీదికి తెల్ల లైటు కొడితే డ్రైవర్‌కు కళ్లు చీకట్లు కమ్మి మనల్నే గుద్దుతాడు. ముందు తగిలించే ఎర్ర ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది. అది మీరు కొనే టార్చి తలకు సరిపోతుందా అని చూసుకోండి. పోతే మెరుపుల మోడు అస్సలు వాడొద్దు. మెరుస్తూ ఆరుతున్న లైటు ఎంత దూరంలో ఉందో డ్రైవర్‌కు అందదు.

మన్ననూరు గేటు

మాది ఫారెస్టు. శ్రీశైలం రోడ్డులో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మీదుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలం. గేటు దగ్గర కారు లోపల, డిక్కీలో చూడటానికి దూరం కొట్టే లైటు వేస్తే అద్దం మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. కొత్త నంబర్ ప్లేట్లు కూడా అంతే, హై సెక్యూరిటీ ప్లేటు వెలుతురును వెనక్కి కొట్టేలా చేసిందే. దగ్గర నుంచి వెయ్యి ల్యూమెన్లు కొడితే అంకెలు కనబడవు. యాభై, వంద ల్యూమెన్ల మోడు ఒక్క నొక్కుతో రావాలి.

దూరం కావాలంటే ల్యూమెన్లు కాదు, ఒకే దిక్కుకు వెలుతురు ఎంత గట్టిగా పోతుందో చెప్పే క్యాండెలా అనే అంకె చూడాలి. దాని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లలో దూరం వస్తుంది. పది వేల క్యాండెలా అయితే 200 మీటర్లు, నలభై వేలయితే 400. అంటే దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగింతలు కావాలి. ఆ దూరం చివర వెలుతురు వెన్నెలంతే, మనిషి ముఖం గుర్తుపట్టేంత కాదు. వాగులో ట్రాక్టర్ వెతకడానికి ఇరవై వేల క్యాండెలా ఉంటే నడుస్తుంది.

జడ్చర్ల రోడ్డు

అందరూ పక్కదారి పట్టారు. తమ్ముడు అడిగింది సీల్డా, ఊడేదా అని. కారులో చార్జింగ్ అన్న నా మాటకు ఎవరైనా జవాబు చెప్పారా?

సెల్లు మెకానిక్ (మహబూబ్‌నగర్)

చెప్తాను అన్నా. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ 45 డిగ్రీలకు వెళ్తుంది. అద్దాలెత్తి ఎండలో నిలబెట్టిన బండి లోపల అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. లిథియం సెల్లును చార్జ్ చేయడానికి తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దే 45 డిగ్రీలు. డ్యాష్‌బోర్డు మీద మధ్యాహ్నం చార్జింగ్‌కు పెట్టిన టార్చి ఒకటి రెండు ఎండాకాలాల్లో పట్టు కోల్పోతుంది, కొన్ని ఉబ్బుతాయి. నా టేబుల్ మీదికి వచ్చే సీల్డ్ టార్చిల్లో ఎక్కువ కేసులు ఇవే. ఎల్‌ఈడీ బాగుంటుంది, స్విచ్ బాగుంటుంది, సెల్లు చస్తుంది. దాన్ని మార్చాలంటే బాడీ కోయాలి, కోశాక వాటర్‌ప్రూఫ్ పోతుంది. మూడు వేల టార్చి నాలుగైదు వందల సెల్లు కోసం చెత్తలోకి పోవడం నాకు నచ్చదు. అందుకే నా ఓటు ఊడేదానికే.

జేబులో షార్ట్ సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి ఇరవై, ముప్పై రూపాయల ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది, సెల్లు దాంట్లోనే ఉండాలి. బీఐఎస్ గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న సెల్లే కొనాలి.

జడ్చర్ల రోడ్డు

రాత్రి పూట చార్జ్ చేస్తే ఎండ ఎక్కడిది? ఇంటికి తీసుకెళ్లి పడుకునే ముందు పెడితే నీ వాదన పోయినట్టే. నెలకు నాలుగు రోజులు కరెంటు పోయే చోట ఉన్నవాడికి ఊడేది కావచ్చు గానీ, హైవే మీద ఉన్నవాడికి అనవసర ఖర్చు.

రాత్రి డ్యూటీ (నాగర్‌కర్నూల్)

ఇంటికి తీసుకెళ్లేది సొంత టార్చి అయితేనే. స్టేషన్ టార్చి షిఫ్టులు మారుతూ చేతులు మారుతుంది. పగలు డ్యూటీ వాళ్లు వాడరు, చార్జింగ్ పెట్టరు, రాత్రి వచ్చేవాడికి ఎర్ర లైటు మెరుస్తూ స్వాగతం చెప్తుంది. ఆ సమయంలో సీల్డ్ టార్చి అయితే రెండు మూడు గంటలు గోడకు కట్టేసినట్టే. విడి సెల్లు ఉంటే అర నిమిషం పని. అందుకే స్టేషన్‌కు అయితే ఊడేదే, ఇందులో నాకు అనుమానం లేదు. సొంతానికి అయితే జడ్చర్ల అన్న మాట తీసేయలేను.

సెల్లు మెకానిక్ (మహబూబ్‌నగర్)

ఇద్దరి గొడవా తీర్చే రకం ఉంది. సెల్లు ఊడుతుంది, టార్చి బాడీకే టైప్-సి కూడా ఉంటుంది. మామూలుగా కేబుల్‌తో చార్జ్ చేసుకో, అవసరమైతే సెల్లు మార్చుకో. మూడు వేల లోపల దొరుకుతాయి. రెండు పరీక్షలు చేసి కొను. ఒకటి, ఆ కంపెనీ సెల్లు మాత్రమే పట్టేదైతే వదిలేయ్. కొన్నింట్లో ప్లస్, మైనస్ రెండూ ఒకే వైపు పెట్టి బయటి సెల్లు పని చేయకుండా చేస్తారు. రెండు, రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్ పెట్టి చూడు. చవక టార్చిల్లో రెండు చిన్న రెసిస్టర్లు మిగుల్చుకోవడానికి ఎగ్గొడతారు, అప్పుడు కొత్త ఫోన్ చార్జర్‌తో చార్జ్ ఎక్కదు, పాత వెడల్పు పిన్ను కేబుల్‌తోనే ఎక్కుతుంది.

వానకు ఐపీఎక్స్7 చాలు, అంటే మీటరు లోతు నీళ్లలో అర గంట. కానీ చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా నొక్కకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

జడ్చర్ల రోడ్డు

ఆ రబ్బరు మూతే ముందు ఊడిపోయేది. చూద్దాం.

బీట్ నంబర్ ఏడు (నల్లగొండ)

అందరికీ థాంక్స్. ముగ్గురం మాట్లాడుకున్నాం. 21700 సెల్లుది, ఊడేది, టైప్-సి కూడా ఉన్నది చూస్తున్నాం, వెయ్యి ల్యూమెన్ల చుట్టుపక్కల, ఇరవై వేల క్యాండెలా. మా మూడోవాడు ఇంకా ఆ ఇరవై వేల ల్యూమెన్లదే కొంటానంటున్నాడు, కొననీయండి. ఒక్క డౌట్. స్విచ్ వెనక ఉండాలా, పక్కన ఉండాలా?

రాత్రి డ్యూటీ (నాగర్‌కర్నూల్)

రెండూ ఉంటే మంచిది. వెనకది సగం నొక్కితే వెలిగి, వదిలితే ఆరాలి. పక్కది వెలుతురు ఎక్కువ తక్కువలకు. ఒక్కటే దొరికితే వెనకదే తీసుకో, చీకట్లో వేలితో తడుముకోనక్కర్లేదు. వేయగానే మెరుపులతో మొదలయ్యేది మాత్రం షాపులోనే తిరిగిచ్చేయ్. బెల్టు హోల్‌స్టర్ లో తల కిందికి పెట్టి చూడు, కూర్చున్నప్పుడు కారు సీటుకు స్విచ్ నొక్కుకుంటే తొడ మీద కాలుతుంది. మూత పావు వంతు తిప్పితే లాక్ అయ్యే రకాలు చాలా ఉన్నాయి.

మన్ననూరు గేటు

మీ మూడోవాడు కొన్నాక సెల్లు తీసి మెకానిక్ అన్నకు ఇవ్వమను. ఎంత ఉందో ఇక్కడ రాయండి.