జూచి, చూసి, సూసి: ఒకే మాటా, మూడు మాటలా?

అన్నానగర్ నుంచి:
త్యాగరాజ కీర్తన ‘ఎందరో మహానుభావులు’ అనుపల్లవిలో ‘హృదయారవిందమున జూచి’ అని ఉంది. మనం రాసేది ‘చూసి’. సీమ నవలల్లో పాత్రల నోట అదే ‘సూసి’. కీర్తనలో జ వింటే పెద్దరికంగా ఉంటుంది, నవల్లో స చూస్తే మోటుగా తోస్తుంది. నిజంగా ఆ తేడా మాటలో ఉందా, మన చెవిలో ఉందా? ఇంకో సంగతి. ఇక్కడ చెన్నైలో పాటల సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకునే పిల్లలకు ఈ జ ఎలా గుర్తు పెట్టించాలి? చాలామంది ‘జానకి’లో జ లాగే పాడేస్తున్నారు.

మైలాపూర్ నుంచి:
ముందు జ సంగతి. అది ఉన్నది సొగసు కోసం కాదండీ, సంధి వల్ల. ‘అరవిందమున’ చివర ఒక నకారం దాగి ఉంది. వ్యాకరణంలో దాన్నే ద్రుతం అంటారు. దాని తరవాత వచ్చే క చ ట త ప లు గ జ డ ద బ లవుతాయి. చూచి అలా జూచి అయింది. ‘నగుమోము గనలేని’లో గ కూడా ఈ బాపతే.

అసలు చిక్కు వేరే ఉంది. చ అనే ఒక్క అక్షరంతో మనం రెండు ధ్వనులు రాస్తున్నాం. జ కూడా అంతే. అచ్చ తెలుగు మాటల్లో ఇ ఈ ఎ ఏ ల ముందు తాలవ్యం, అంటే నాలుక అంగిలికి తాకేది: చీకటి, చెయ్యి, జిగురు. అ ఆ ఉ ఊ ఒ ఓ ల ముందు దంత్యం, అంటే నాలుక పళ్ల వెనక తాకేది. దాన్ని ౘ, ౙ అని గుర్తు పెట్టి రాస్తారు: ౘారు, ౘోటు, ౙుట్టు, ౙున్ను. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) చెప్పిందీ ఇదే. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాటల్లో మాత్రం ఎక్కడైనా తాలవ్యమే. ‘జగదానంద కారకా జయ జానకీ’లో ఒక్క జ కూడా దంత్యం కాదు.

ఇప్పుడు ‘జూచి’ని చూడండి. ఊ ముందున్నది దంత్యం, ఇ ముందున్నది తాలవ్యం: ౙూచి. రెండక్షరాల మాటలో రెండు ధ్వనులూ ఉన్నాయి. పిల్లలకు మొదటి పాఠంగా దీన్నే పెట్టొచ్చు.

పెరంబూర్ నుంచి:
ఇంకో మంచి జత ‘చక్కని రాజమార్గము’లో ఉంది. పల్లవి మొదట ౘక్కని, అనుపల్లవి మొదట చిక్కని. ప్రాస రెండో అక్షరం ‘క్క’ మీద కాబట్టి చ మారినా చెడదు. పక్కనే ఉన్న ‘రాజమార్గము’ సంస్కృత సమాసం, అక్కడ తాలవ్యం. కానీ విడిగా ‘రాజు’ అంటే తెలుగైపోయింది, రాౙు.

నేర్పేటప్పుడు వచ్చే తప్పులు రెండు. దంత్యాన్ని ‘త్స’ అని రాయిస్తే పిల్లలు దాన్ని జంటక్షరంగా పట్టుకుంటారు. మాట మధ్యలో అయితే ముందు అక్షరం మీద ఊనిక పడి తాళంలో చోటు తింటుంది. అది ఒకే ధ్వని. నాలుక కొస త కి తాకినట్టు పళ్ల వెనక తాకాలి, వదిలేటప్పుడు స లాగా జారాలి. రెండో తప్పు దీనికి ఎదురు. దంత్యం పట్టుబడ్డాక సరదా పుట్టి ‘ౘరణం’, ‘ౙానకి’ అని పాడతారు. రాని రోజుల్లో పాడినదే నయం.

తాంబరం నుంచి:
నవల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ‘సూసి’ మోటు కాదు. దంత్య చలో త లాంటి తాకిడి ఒకటి, స లాంటి జారుడు ఒకటి ఉన్నాయి కదా. తాకిడి రాలిపోతే మిగిలేది స. మన చారుని కన్నడిగులు సారు అంటారు, ఇక్కడి తమిళుల సాఱు మనకు తెలిసిందే. వాళ్లని మోటు అనం. మన పల్లెవాడు ‘సారు’ అంటేనే నవ్వొస్తుంది!

అయితే చాలా ఊళ్లలో స అక్కడితో ఆగలేదు. ‘సెప్పు’, ‘సేసి’ అంటారు, అంటే తాలవ్యం కూడా పోయింది. కీర్తనల్లో కనిపించే ‘ఏమి సేతు’ మాత్రం ఇది కాదు. అది గసడదవాదేశం, అంటే ముందు మాటని బట్టి క చ ట త ప లు గ స డ ద వ లయ్యే సంధి, పుస్తకాల వ్యాకరణం. చూడ్డానికి ఒకే స, వచ్చిన దారులు వేరు.

నవలల్లో నాకు గుచ్చుకునేది మాండలికం కాదు, అరకొర మాండలికం. చ కనిపించినచోటల్లా స పెట్టి, క్రియ మాత్రం కృష్ణా జిల్లాది ఉంచేస్తారు. ‘నువ్వు సెప్పినట్టే సేశాను’ అని ఏ సీమ మనిషీ అనడు. ‘నువ్వు సెప్పినట్టే సేసినా’ అంటాడు. పలుకుబడి క్రియ చివర ఉంటుంది. అది కుదిరితే చ ని చ గానే వదిలేసినా మనిషి వినబడతాడు. కుదరకపోతే పేజీ నిండా స లు చల్లినా నాటకం వేషమే.

అన్నానగర్ నుంచి:
బాగుంది. మరి ‘వచ్చాడు’లో ఆ ఉందిగా? సూత్రం ప్రకారం దంత్యం కావాలి, కానీ ఎవరూ అలా అనరే.

తాంబరం నుంచి:
అక్కడున్నది నిఖార్సైన ఆ కాదండీ. ‘వచ్చినాడు’ కుదించుకుపోయి వచ్చింది. ఆ కీ ఏ కీ నడుమ పలుకుతాం. అందుకే చ తాలవ్యంగానే నిలిచింది. ఆ ధ్వనికి మన దగ్గర అక్షరం లేదు. కోస్తావాళ్లు ‘వచ్చాడు’ అని రాస్తే, విశాఖ వైపు రచయితలు ‘వచ్చేడు’ అని రాశారు. దాన్ని అచ్చుతప్పనుకుని దిద్దే మహానుభావులున్నారు. సీమలో ‘వచ్చినాడు’, తెలంగాణలో ‘వచ్చిండు’. ఈ రెండింటిలో చి అలాగే ఉంది కాబట్టి పేచీయే లేదు.

పెరంబూర్ నుంచి:
గుర్తుల సంగతి. ౘ, ౙ యూనికోడ్‌లో 2008 నుంచి ఉన్నాయి, కానీ కొన్ని ఫాంట్లలో డబ్బాలు కనిపిస్తాయి. అచ్చు తీసే ముందు చూసుకోవాలి. తమిళ లిపిలో రాసే పిల్లలతో మాత్రం అంకెలు వేయించకండి. ఆ పుస్తకాల్లో క ఖ గ ఘ తేడాలకు 1 నుంచి 4 వరకు అంకెలు వేస్తారు, చ పక్కన 2 ఉంటే ఛ అని చదువుతారు. దంత్యానికి అక్షరం కింద ఎర్ర చుక్క చాలు. ఇంకోటి, తమిళ చ మాట మొదట ఉంటే పిల్లలు అలవాటుగా స అనేస్తారు. ‘సక్కని’ వినబడేది అందుకే.

అన్నానగర్ నుంచి:
‘ఎందరో మహానుభావులు’ అనుపల్లవి మొదట్లో ‘చందురు వర్ణుని అందచందమును’ అని ఉంది. చందురుకి చుక్క పెట్టాలా?

మైలాపూర్ నుంచి:
పెట్టండి. చంద్రుడైతే అక్కర్లేదు, చందురుడు వికృతి, అంటే సంస్కృతం నుంచి రూపు మారి వచ్చినది, తెలుగు మాట కిందే లెక్క. జానపదుల ‘సందమామ’ని సాక్ష్యం తేవద్దు, ‘సెప్పు’ అనే నోటికి అది ఏ చ నుంచైనా రావచ్చు. చందురుని తాలవ్యంగా పాడేవాళ్లు చాలామంది ఉన్నారు, లోపల చంద్రుడు వినబడి. అది చెవికి పెద్దగా తగలదు. ‘అందచందము’లో చ కి మాత్రం చుక్క తప్పనిసరి.