నవంబర్‌లో రెండడుగుల మంచే ఉంటే చరియలు పడవా?

డెన్వర్‌వాసి: శనివారం మా ఆఫీసు తెలుగువాళ్ళం ఆరుగురం ఇక్కడి కొలరాడో కొండల్లోని లవ్‌ల్యాండ్ పాస్ (కనుమ) దగ్గర స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) వేసుకుని నడుద్దామనుకున్నాం. నేను అవలాంచ్ (మంచుచరియ) మాట ఎత్తేసరికి అందరూ నవ్వారు. "ఇంకా నవంబరే, రాళ్ళు కూడా పూర్తిగా కప్పుకోలేదు, ఏం జారుతుంది?" అన్నారు. మానేద్దామన్న పాపానికి నేను పిరికివాణ్ని అయిపోయాను. ఎవరిది కరెక్టు?

మంచుపిచ్చి: మీ ఫ్రెండ్స్‌దే. స్నోషూలతో నడిచేది చదునులో. 30 డిగ్రీలకన్నా తక్కువ వాలులో చరియలు కదలడం అరుదు. అక్కడికి వెళ్ళే ఐ-70 హైవే మీద డ్రైవింగే నాకు ఎక్కువ భయం. ఊరికే టెన్షన్ పడకండి, పక్కవాళ్ళని పెట్టకండి.

కొండదారి: మంచుపిచ్చి గారూ, డిగ్రీల లెక్క నిజమే. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే తెగుతాయి. కానీ మన కాళ్ళ కింద చదునుగా ఉంటే సరిపోదు, తలపైన ఏముందో చూడాలి. అడుగున పొర బలహీనంగా ఉంటే, కింద నడిచేవాళ్ళ బరువుకే పైనున్న వాలు తెగొచ్చు.

ఇక "మంచు తక్కువే కదా" అన్న మాట. కొలరాడోలో అసలు గొడవంతా అదే. నేలను ఆనుకున్న మంచు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, పైన గాలి రాత్రిళ్ళు మైనస్ పదిహేనుకు పోతుంది. ఆరడుగుల మంచుంటే ఆ తేడా అంత మందంలోనూ పంచుకుపోతుంది. అడుగున్నరే ఉంటే అంతా అందులోనే. అప్పుడు కింది రేణువుల్లోంచి ఆవిరి లేచి, పైన మళ్ళీ గడ్డకట్టి, కోణాలున్న పలుకులవుతుంది. గుప్పిట పట్టి చూడండి, పొడి బొంబాయి రవ్వలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, ఉండ కట్టదు. ఇక్కడివాళ్ళు షుగర్ స్నో అంటారు. అక్టోబర్‌లో పడ్డ మంచు ఎండ తగిలే దక్షిణపు వాలుల మీద చాలావరకు కరిగిపోతుంది, ఉత్తరపు వాలుల మీద నిలిచి రవ్వవుతుంది. తర్వాతి తుఫాను, గాలి కలిసి దాని మీద గట్టి మంచు పలక పరుస్తాయి. రవ్వ మీద పలక, అదీ ఏటవాలుగా! ఒక్క మనిషి బరువు చాలు.

2020-21లో అదే జరిగింది. శీతాకాలం మొదట్లో పడ్డ మంచు, పొడి రోజుల్లో రవ్వయి, నెలల తరబడి అడుగునే ఉండిపోయింది. ఆ సీజన్‌లో చరియల వల్ల కొలరాడోలో 12 మంది, అమెరికా మొత్తం మీద 37 మంది చనిపోయారు.

హైదరాబాదీ ట్రెకర్: ద్రౌపదీ కా డాండా మర్చిపోయారా? 2022 అక్టోబర్ 4, ఉత్తరాఖండ్. మర్నాడు దసరా. ఆ శిఖరం మీద మంచుచరియ పడి నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందంలో 29 మంది పోయారు. చలికాలం మొదలే కాలేదు.

మంచుపిచ్చి: అది 5,670 మీటర్ల శిఖరం అన్నా. దాన్ని తెచ్చి శనివారం షికారుకు అంటిస్తే ఎలా? కొండదారి గారు చెప్పిన 12 మందిలోనూ ఎక్కువమంది స్కీయింగ్‌కు పోయినవాళ్ళే.

కొండదారి: హిమాలయాల పోలిక కుదరదు, ఒప్పుకుంటా. మరి మోంటానా? 2017 అక్టోబర్ 7న ఇంప్ పీక్ మీద తెగిన పలక మందం ఒకటి రెండడుగులు, అంతే. ఒకామె చనిపోయింది. ఆమె బీకన్ (పూడుకుపోతే జాడ చెప్పే రేడియో పరికరం) ఆఫ్‌లో, బ్యాగులో ఉంది. వాళ్ళూ స్కీ వాళ్ళే, కానీ మన వాదన మంచు మందం గురించి కదా. పైగా మంచు పల్చగా ఉన్నప్పుడు కొట్టుకుపోతే రాళ్ళకీ, మొద్దులకీ తగులుతాం.

డెన్వర్‌వాసి గారూ, ట్రిప్ మానక్కర్లేదు, చోటు మార్చండి. పైన ఏటవాలు లేని, చెట్ల మధ్య దారి చూసుకోండి. శనివారం పొద్దున కొలరాడో అవలాంచ్ సమాచార కేంద్రం బులెటిన్ చదవండి. అందులో అయిదు ప్రమాద స్థాయుల్లో రెండోది అని ఉంటే "ఫరవాలేదు" అని అర్థం కాదు.

మంచుపిచ్చి: చోటు మార్చడం వరకు సరే. అడుగు మంచు సంగతి నేను అనుకోలేదు. లవ్‌ల్యాండ్ పాస్ అంతా డేంజర్ అంటే మాత్రం ఒప్పుకోను.

డెన్వర్‌వాసి: ఇప్పుడు మా ఫ్రెండ్ కొత్త పాట అందుకున్నాడు. ఆరు బీకన్లు అద్దెకు తెచ్చుకుని లవ్‌ల్యాండ్‌కే పోదామంటున్నాడు.

కొండదారి: ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార కూడా ఆరేసి తెమ్మనండి. పూడుకుపోయిన మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీయాలి. మీ అపార్ట్‌మెంటు పార్కులో ఒక బీకన్ దాచి, వెతకడానికి ఆయనకెంతసేపు పడుతుందో ముందు టైమ్ చూడండి.