శిలాజం: శిలగా మారినదా, శిలలో పుట్టినదా?

‘శిలాజం’ అంటే ‘రాయిగా మారిన జీవి’ అని మిత్రులొకరు ఇచ్చిన వివరణతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మారడమన్న అర్థం ఆ సమాసంలో ఎక్కడా లేదు. అండజం గుడ్డు నుంచి పుట్టినది, సరసిజం సరస్సులో పుట్టినది. ఈ రెండో మాటలో సప్తమీ విభక్తి లోపించకుండా నేటికీ కనిపిస్తూనే ఉంది. ఆ దారిలో శిలాజం శిలలో పుట్టినది. సముద్రంలో పుట్టిన జీవికి ఈ పేరేమిటని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఎడియాకరా శిలాజాల గురించి చదివాకే నా అభిప్రాయం మారింది.

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండల్లో 1946లో రెగ్ స్ప్రిగ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త గుర్తించిన ఆ సముద్రజీవులు సుమారు 55 కోట్ల ఏళ్ల నాటివి. వాటికి ఎముక లేదు, గుల్ల లేదు. వాటిలో డికిన్సోనియా అనే చదునైన, చారల జీవిని జెల్లీఫిష్‌ల బంధువని కొందరు, లైకెన్ (శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి) అని కొందరు, భారీ ఏకకణజీవి అని మరికొందరు భావించారు. రష్యాలోని శ్వేతసముద్ర తీరపు నమూనాలలో కొలెస్టరాల్ జాడలు దొరికినట్లు 2018లో ప్రకటించాకే అది జంతువన్న వాదానికి గట్టి బలం చేకూరింది.

అంత మెత్తని దేహం రాయిగా మారలేదు, కుళ్లిపోయింది. సముద్రపు అడుగున సూక్ష్మజీవులు పరచిన పొర మీద ఉన్న ఆ జీవులను తుఫాను తెచ్చిన ఇసుక కప్పివేయగా, దేహం శిథిలమయ్యేలోపే పై ఇసుక దాని ఆకారాన్ని పట్టుకుని గట్టిపడింది. బాక్టీరియా చర్య వల్ల ఏర్పడిన ఇనుప గంధకపు ఖనిజం ఆ ఇసుకను బిగించిందని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. సముద్రజలంలో కరిగి ఉన్న సిలికాయే బిగించిందని మరికొందరిది. తరువాత దేహం ఖాళీ చేసిన చోటులోకి ఇంకా మెత్తగానే ఉన్న కింది ఇసుక ఎగదన్నుకుని నిండింది.

ఈ ప్రక్రియలో మొదటి వాదం చెప్పే ఖనిజపు పొరకు ఇంగ్లీషులో ఉన్న ‘డెత్ మాస్క్’ అన్న పేరును ‘మరణ ముసుగు’ అని అనువదించడం నాకు నచ్చలేదు. ముసుగు రూపాన్ని దాచేది, ఇది రూపాన్ని పట్టి ఉంచినది. విగ్రహాలు పోసేవారి మాటలు మనకు ఉండనే ఉన్నాయి: పై పొర అడుగున మిగిలిన గుంట ‘అచ్చు’, కింది పొర మీద లేచిన ఉబ్బు ‘పోత’. ఆ పోత జీవి దేహం కాదు, దాని ఆకారంలో శిలలోనే పుట్టినది. అందుచేత ‘శిలాజం’ అన్న పేరు మిగతా వాటికన్నా వీటికే అక్షరాలా సరిపోతుందని నా అభిప్రాయం.