ఎంబూనా ట్యాంకును కిక్కిరిసి నింపితే కొట్లాటలు తగ్గుతాయా?

వేళచ్చేరి_కొత్తచేప

అందరికీ నమస్కారం. నాది నాలుగడుగుల ట్యాంకు (4 x 1.5 x 1.5, దాదాపు 255 లీటర్లు). అందులో మలావీ ఎంబూనాలు (ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ళ మధ్య బతికే సిక్లిడ్ కుటుంబపు చేపలు) పదకొండు: ఐదు ఎల్లో ల్యాబ్‌లు, నాలుగు కెన్యీలు, రెండు ఆరాటస్‌లు. ఆరాటస్‌లలో ఒకటి పసుపు రంగు పోయి నల్లబడింది. అప్పటినుంచి ట్యాంకు మొత్తం దానిదే. రెండు ల్యాబ్‌లు ఫిల్టరు పైపు వెనక, నీటి పైభాగంలో నక్కి ఉంటున్నాయి. తోకలు చిరిగిపోయాయి, మేతకి కూడా కిందికి రావడం లేదు.

ఇక్కడ చెన్నై కొళత్తూరులో కొన్నచోట అడిగితే “ఇంకో ఇరవై వెయ్యండి సార్, ఎవర్ని తరమాలో తెలీక ఊరుకుంటుంది” అన్నారు. మా ఆఫీసులో చేపలు పెంచే ఒకాయన మాత్రం అది చేపల్ని చంపే సలహా అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పెరంబూర్_పాతకాపు

కొట్టువాళ్ళు చెప్పింది సరుకు అమ్ముకోవడానికే అనుకోకు తమ్ముడూ. అందులో విషయం ఉంది. ఎంబూనా మగది ఒక రాయిని, దాని చుట్టూ కాస్త చోటును తనదనుకుంటుంది. ఆ చోటులోకి ఎప్పుడో ఒక చేప వస్తే వెంటపడి తరుముతుంది. నిమిషానికి పదిసార్లు పది చేపలు దాటుతుంటే ఎన్నిటిని తరుముతుంది? కాపలా కాయడం గిట్టుబాటు కాదు. దెబ్బలు ఒక్కదాని మీదే పడకుండా అన్నిటికీ తలా కాస్త పంచుకుపోతాయి. మలావీ సరస్సులో కూడా రాళ్ళ గట్ల దగ్గర అవి గుంపులు గుంపులుగానే ఉంటాయి, రాతిమీది నాచు గీక్కుని తింటూ.

డెమసోనీలనే చూడు, అవీ ఎంబూనాలే. నాలుగో ఐదో పెడితే ఒక్కటి మిగిలేదాకా కొట్టుకుంటాయి. అందుకే పన్నెండుకు తగ్గకుండా వేయమంటారు. ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు, ప్రపంచమంతా ఎంబూనా పెంచేవాళ్ళు పాటించేదే. కాకపోతే ఫిల్టరు గట్టిది కావాలి. గంటకి ట్యాంకు నీళ్ళు ఎనిమిది పదిసార్లు తిరగాలి. వారానికి సగం నీళ్ళు మార్చాలి. ఇవి చేయగలిగితే వెయ్యి, లేకపోతే మానెయ్యి.

రాతిగుట్ట

అన్నా, మీరు చివర్లో తేలిగ్గా చెప్పిన రెండు షరతుల మీదే నా అభ్యంతరమంతా. 255 లీటర్లలో సగమంటే వారానికి నూట పాతిక లీటర్లకు పైమాటే. 2019 జూన్‌లో ఈ ఊళ్ళో లారీ నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళం మనం. అలాంటి ఎండాకాలం మళ్ళీ వస్తే, ముప్పై చేపల ట్యాంకు ఏమవుతుంది?

రెండోది చేపల విసర్జనతో నీళ్ళలో చేరే అమ్మోనియా. మలావీ చేపలకి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 చుట్టూ ఉండాలి, మన బోరు నీళ్ళు దానికి బాగా సరిపోతాయి కూడా. కానీ అదే పీహెచ్ ప్రమాదం కూడా తెస్తుంది. నీళ్ళు 25 డిగ్రీలున్నప్పుడు, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే వాయురూపం అర శాతం చిల్లర ఉంటే, 8 దగ్గర అది 5 శాతం దాటుతుంది. వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. మే నెలలో మన గదుల్లో ట్యాంకు 31, 32 డిగ్రీలకి పోతుంది. ఆ వేడికి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఎక్కువ కావాలి. ఒక్క రాత్రి ఫిల్టరు ఆగితే చాలు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు వేళచ్చేరిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు పలచగా చేపలున్న ట్యాంకు బ్యాటరీ ఎయిర్ పంపుతో గట్టెక్కే అవకాశం ఉండేది. కిక్కిరిసిన ట్యాంకుకి ఆ వెసులుబాటు ఉండదు. చెన్నైలో ఉండి ఈ సలహా ఇచ్చేముందు ఇన్వర్టరు ఉందా అని అడగాలి అన్నా. కొట్టులో ఎవరూ అడగరు.

ఇంకొకటి. కిక్కిరిస్తే కొట్లాట తగ్గినట్టు కనిపిస్తుంది, ఒత్తిడి మాత్రం పోదు. సరస్సులో ఓడిన చేప పారిపోతుంది. అద్దాలపెట్టెలో ఎక్కడికి పోతుంది? రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త మైడస్ సిక్లిడ్‌ల మీద 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇళ్ళలో ఉండే చిన్న ట్యాంకుల కొలతల్లోనే అటూ ఇటూ మార్చినా, చేపల సంఖ్య మార్చినా తేడా రాలేదు. బాగా పెద్ద ట్యాంకులో, దాక్కునే చోట్లు ఎక్కువ పెట్టినప్పుడే దూకుడు తగ్గింది.

పెరంబూర్_పాతకాపు

నీళ్ళ సంగతి, కరెంటు సంగతి ఒప్పుకుంటాను అక్కా. ఇన్వర్టరు మాట నేనే ముందు చెప్పాల్సింది. కానీ మైడస్ మధ్య అమెరికా చేప. జతకట్టి, గుడ్లు రాతి మీద పెట్టి, ఆలుమగలిద్దరూ కాపలా కాసే జాతి. ఎంబూనాలో ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని మూడు వారాలు మోస్తుంది. మగదానికి కాపలా కాయాల్సింది గుడ్లు కాదు, చోటు మాత్రమే. ఒకదాని మీద చేసిన పరిశోధన ఇంకోదానికి అలాగే అంటగట్టడం సరికాదు.

బెంగళూరు_నీలిరెక్క

ఈ ఒక్క మాటలో నేను పాతకాపు గారి వైపే. కానీ అదే మాట తిప్పి చెప్పాలి. చాలామంది “సిక్లిడ్ అంటే ఎక్కువ వెయ్యాలి” అని విని కన్విక్ట్‌లకి, ఫ్లవర్‌హార్న్‌కి కూడా ఈ సూత్రమే వాడుతున్నారు. గుడ్లు పెట్టిన కన్విక్ట్ జంట ఉన్న మూడడుగుల ట్యాంకులో ఇంకో పది చేపలు వేస్తే, పదీ ఒక మూలకి చేరతాయి. ఫ్లవర్‌హార్న్‌కి ఒంటరితనమే క్షేమం. కాబట్టి ఈ సలహా ఏ జాతికో చెప్పకుండా ఇవ్వకూడదు.

కొత్తచేప తమ్ముడి ట్యాంకులో అసలు సమస్య సంఖ్య కాదనిపిస్తుంది నాకు. ఎంపికలో ఉంది. ఎంబూనాల్లో ల్యాబ్‌లు సాధువులు. ఆరాటస్, కెన్యీ రెండూ మహా దూకుడువి, అమ్మేటప్పుడు పిల్లలుగా చూడ్డానికి అందంగా ఉంటాయి, అంతే. ఆరాటస్ పిల్లలన్నీ పసుపే. మగది ఎదిగాక నల్లబడుతుంది. కెన్యీలో ఇంకా తికమక: పిల్లలన్నీ నీలం, మగది ఎదిగితే పసుపు. అప్పుడది పక్కనున్న ల్యాబ్‌లాగే ఉంటుంది, దాన్నే పోటీదారు అనుకుని తరుముతుంది. మీ కెన్యీల్లో ఏదైనా పసుపు తిరుగుతోందా చూడండి.

రాళ్ళు కూడా చూసుకోండి. మధ్యలో ఒకే గుట్టగా పేరిస్తే ఒక్కటే రాజు. రెండు మూడు గుట్టలు విడివిడిగా, ఒకచోట నిలబడితే ఇంకోటి కనిపించకుండా అడ్డుగా, నీటి పైభాగం దాకా లేపి పెట్టాలి. రాళ్ళు నేరుగా అద్దం మీద కాకుండా కింద ఏదైనా పలక వేసి పేర్చండి, ఇసుక తవ్వే అలవాటు వాటికి ఉంది.

రాతిగుట్ట

రాళ్ళు మార్చడం మంచిదే, కానీ దానికీ ఒక హద్దుంది నీలిరెక్క గారూ. స్టాన్‌ఫర్డ్‌లో ఆఫ్రికా సిక్లిడ్ ఆస్టాటోటిలాపియా బర్టొనీ మీద చేసిన పరిశోధన 2007లో నేచర్ పత్రికలో వచ్చింది. మగచేపలు ఇతర మగవాటి కొట్లాటలు పక్కనుంచి చూసే, ఎవరు ఎవరికంటే బలవంతులో లెక్క కట్టుకున్నాయి. నేరుగా తలపడనివాటి మధ్య కూడా. అంత గుర్తున్న జీవులకి రాయి జరిపితే చోటు మారుతుంది గానీ, ఎవరు గెలిచారో మరుపు రాదనే నా అభిప్రాయం. నల్లబడిన ఆ ఆరాటస్ ఉన్నంతకాలం ఆ ల్యాబ్‌లు మేతకి దిగవు. ఇరవై కొత్త చేపలు వచ్చేదాకా అవి బతకాలి కదా, ముందు దెబ్బతిన్నవాటి గురించి ఆలోచించాలి.

వేళచ్చేరి_కొత్తచేప

అక్కా, ఒక కెన్యీకి పసుపు తిరుగుతోంది. ఇన్వర్టరు ఉంది గానీ ఫ్యాన్లకే. ఆరాటస్‌లు రెండూ తీసేస్తే ఎక్కడ పెట్టను? మా వీధి చివర చెరువు ఉంది...

రాతిగుట్ట

చెరువు మాట వద్దు తమ్ముడూ, దయచేసి. 1952లో మొజాంబిక్ తిలాపియాను మన దేశానికి తెచ్చారు. అదీ సిక్లిడే. ఇక్కడ జిలేబి అంటారే, అదే. ఇవాళ అది లేని చెరువు వెతుక్కోవాలి. కొన్నచోటే తిరిగి తీసుకోమని అడుగు, చాలామంది తీసుకుంటారు, డబ్బు ఇవ్వకపోయినా సరే. అందాకా ట్యాంకులో చిల్లుల ప్లాస్టిక్ అడ్డం పెట్టి ఒక పక్కకి వేరు చెయ్యి. పసుపు తిరిగే కెన్యీని కూడా వాటితోనే పంపు. ల్యాబ్‌లకి ఉప్పు కాస్త, శుభ్రమైన నీళ్ళు చాలు, తోక తిరిగి పెరుగుతుంది.

పెరంబూర్_పాతకాపు

ఆరాటస్‌లను తీసేయడం నాకూ సమ్మతమే. కానీ అక్కా, ఆ నల్లది పోగానే మిగిలిన కెన్యీల్లో మరో మగది లేస్తుంది. ఇది నేను పందెం వేసి చెప్తాను. అప్పుడు ల్యాబ్‌లు ఐదూ, కెన్యీలు మూడూ, ఎనిమిదే మిగులుతాయి. ఎనిమిది చేపల ట్యాంకులో తన్నులు ఎవరికి పడతాయో నీకు తెలుసు. అప్పుడైనా ఇరవై అనను, ల్యాబ్‌లనే ఇంకో ఆరేడు, అన్నీ ఒకేసారి, రాత్రి లైటు ఆర్పాక వెయ్యమంటాను. దానికీ కాదంటావా?

రాతిగుట్ట

కెన్యీలన్నీ పోయాక అయితే కాదనను. ల్యాబ్‌లు పన్నెండు, మగదానికి మూడు నాలుగు ఆడవి చొప్పున. 255 లీటర్లకి అది కిక్కిరియడం కాదన్నా, సరిపడా.

పెరంబూర్_పాతకాపు

కెన్యీలు ఉండగా అడుగుతున్నాను నేను.

రాతిగుట్ట

కెన్యీలు ఉండగా వద్దు.