ట్వీడ్ నదిపై సాల్మన్, ట్రౌట్ వేట: మన కాలువ గట్టు అలవాట్లు అక్కడ పనికివస్తాయా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. నలభై ఏళ్లుగా గాలం వేస్తున్నాను. బందరు కాలువ గట్టున కూర్చుని, వెదురు కర్రకు బెండు కట్టి, జెల్లలకు వానపామునూ శీలావతికి పిండిముద్దనూ గుచ్చి పట్టిన అనుభవమే నాది. సెప్టెంబరు మూడో వారంలో ఎడిన్‌బరోలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్లి, అక్టోబరు 10 వరకు ఉంటాము. స్కాట్లాండులోని ట్వీడ్ నదిపై ఒక రోజు ట్రౌట్‌కు, ఒక రోజు సాల్మన్‌కు అనుమతి తీసుకుంటానని వాడు అంటున్నాడు. సాల్మన్ సముద్రం వదిలి నదిలోకి వచ్చాక మేత ముట్టదని చదివాను. ఆకలే లేని చేప ఈకలు చుట్టిన కొక్కేన్ని ఎందుకు పట్టుకుంటుంది? నా చేతికి ఉన్న అలవాట్లలో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదులుకోవాలి?

సమాధానం (గుంటూరు నుంచి, ఆరేళ్లు స్కాట్లాండులో ఉన్నవాణ్ణి)

అయ్యా, ముందుగా తేదీల సంగతి. స్కాట్లాండులో బ్రౌన్ ట్రౌట్ వేట అక్టోబరు 6తో ముగుస్తుంది కనుక ఆ రోజును సెప్టెంబరులోనే పెట్టుకోండి. ట్వీడ్‌పై సాల్మన్ వేట నవంబరు 30 వరకు సాగుతుంది, కానీ ఆదివారం సాల్మన్‌కు గాలం వేయడం చట్టరీత్యా నిషేధం. ఆ ఒడ్డు హక్కుదారు అనుమతి లేకుండా సాల్మన్‌కు గాలం వేయడం నేరమే అవుతుంది గనుక అనుమతి కాగితం జేబులో ఉండాలి.

సాల్మన్ మేత ముట్టదన్నది నిజమే. అయినా ఎందుకు పడుతుందన్న దానిపై వేటగాళ్లలో వాదం ఇంకా తెగలేదు. తన చోటులోకి చొరబడినదానిపై కోపమని కొందరు, నదిలో పిల్లగా పురుగులు తిన్న నాటి అలవాటని కొందరు అంటారు. కారణం ఏదైనా, ఆచరణలో తేలేది ఒక్కటే: ఎర రుచితో దాన్ని పిలవలేము, దాని ముక్కు ముందు నుంచి ఫ్లైని, అంటే మీరు చెప్పిన ఆ ఈకలు చుట్టిన కొక్కేన్ని, నడిపించాలి. ప్రవాహానికి అడ్డంగా, కొంచెం దిగువకు వాలుగా లైను విసిరితే, నీరే ఫ్లైని అర్ధచంద్రాకారంగా తిప్పి మన ఒడ్డు వైపుకు తెస్తుంది. అప్పుడు రెండు అడుగులు దిగువకు జరిగి మళ్లీ విసరాలి. మడుగంతా ఇలా జల్లెడ పట్టినట్టు వెతకవలసిందే.

మీరు వదులుకోవలసిన అలవాటు ఇక్కడే ఉంది. బెండు మునగగానే మణికట్టుతో చటుక్కున లాగడం మన చేతికి పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. సాల్మన్ విషయంలో అలా లాగితే ఫ్లై దాని నోట్లోంచి జారి వచ్చేస్తుంది. అది ఫ్లైని పట్టుకుని వెనుదిరిగి, లైను తనంతట తాను బిగుసుకునే దాకా ఆగితే కొక్కెం దవడ మూలన కుదురుకుంటుంది. నేను మొదటి శరత్కాలంలో మూడు చేపలను ఈ తొందరపాటుతోనే పోగొట్టుకున్నాను. మూడోది పోయిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. నీటిపైని ఫ్లైని అందుకునే ట్రౌట్‌కు మాత్రం మీ వేగం కొంత పనికివస్తుంది. అక్కడ ఆలస్యం చేస్తే అది ఉమ్మేస్తుంది.

సమాధానం (విజయవాడ నుంచి)

పెద్దవారు, పై సమాధానానికి ఒక మాట చేర్చనివ్వండి. వానలు పడ్డాక దీపాల చుట్టూ, నీళ్లపైనా ఉసిళ్లు రాలినప్పుడు మన కాలువలో చేపలు పైకి వచ్చి అందుకోవడం మీరు చూసే ఉంటారు. ట్రౌట్ వేటకు మూలం అదే. నది అడుగున రాళ్ల కింద పెరిగిన మేఫ్లై వంటి పురుగులు రెక్కలు విప్పి నీటిపైకి వస్తాయి. ఆ పురుగు పరిమాణానికీ రంగుకూ దగ్గరగా ఉన్న ఫ్లైని ఎంచుకోవాలి. వాటిని కట్టడానికి కోడిపుంజు మెడ ఈకలు, నెమలి ఈక పోగులు వాడతారు. మన పెరటి వస్తువులే కదా!

సాల్మన్ ప్రయాణాన్ని పులసతో పోల్చుకోండి. వరద గోదావరికి పులస ఎదురీదినట్టే, వాన కురిసి నీరు పెరిగినప్పుడు సాల్మన్ కదులుతుంది. కనుక వరద తగ్గుముఖం పట్టి, బురద తేరి, నీరు తేనీటి రంగుకు వచ్చిన రోజును చూసుకోమని అబ్బాయికి చెప్పండి. అయితే పులసకు ఉన్నట్టు దీనికి సంత లేదు. గాలంతో పట్టిన సాల్మన్‌ను అమ్మడం స్కాట్లాండులో 2002 నుంచి నిషేధం. శరత్కాలంలో ఆడచేపల కడుపు నిండా గుడ్లు ఉంటాయి గనుక, చేతులు తడిపి, చేపను నీటిలోనే ఉంచి కొక్కెం తీసి, తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, దానంతట అది తోక విదిలించి వెళ్లే దాకా ఓపిక పట్టండి. పొడిచేతితో పట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడిపోయి చేప జబ్బుపడుతుంది.

సమాధానం (గుంటూరు నుంచి, మళ్లీ)

విసరడం ఇక్కడే సాధన చేసి వెళ్లండి. మన గాలంలో సీసం బరువు ఎరను లాక్కుపోతుంది, ఇందులో బరువంతా లైనుదే. వెనక్కి విసిరిన లైను పూర్తిగా చాపుకునే దాకా ఆగి, అప్పుడే ముందుకు తేవాలి. తొందరపడితే కొరడా దెబ్బలా చప్పుడై ఫ్లై తెగిపోతుంది. కొక్కెం బదులు ఎర్ర ఊలుముక్క కట్టి, ఖాళీ మైదానంలో రోజుకు పావుగంట చేస్తే చాలు.

అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రౌట్ రోజును సెప్టెంబరు 28కి మార్చమని అబ్బాయికి ఇప్పుడే చెప్పాను. లైను తెప్పించుకోగానే ఉదయం పూట మైదానంలో మొదలుపెడతాను. లాగకుండా ఆగడమే నాకు కష్టమైన పాఠంగా కనిపిస్తోంది.