అప్‌డేట్: ఎన్‌రోల్‌మెంట్ నిరాకరణపై హైకోర్టు ఉత్తర్వు వచ్చింది

విద్యార్థిగా ధర్నాలో పాల్గొన్నందుకు పెట్టిన కేసు పెండింగులో ఉందని, న్యాయవాదుల నమోదు చూసే మా రాష్ట్ర బార్ కౌన్సిల్ నన్ను న్యాయవాదిగా చేర్చుకోలేదని, ఏం చేయాలని ఇదివరకు అడిగాను. వేరే రాష్ట్రంలో దరఖాస్తు చేసుకోమని కొందరు సలహా ఇచ్చారు. అది అంత తేలిక కాదు. 1961 న్యాయవాదుల చట్టం 27వ సెక్షన్ ప్రకారం, నిరాకరించిన కౌన్సిల్‌తో పాటు భారత బార్ కౌన్సిల్ కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అందుకే రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేశాం.

వాదన ప్రధానంగా అదే చట్టం 26వ సెక్షన్ మీద నడిచింది. దరఖాస్తు తిరస్కరించదలిస్తే రాష్ట్ర కౌన్సిల్‌లోని ఎన్‌రోల్‌మెంట్ కమిటీ ముందుగా కారణాలు రాసి భారత బార్ కౌన్సిల్ అభిప్రాయం కోరాలి. నాకొచ్చిన ఉత్తరంలో ‘క్రిమినల్ కేసు ఉన్నందున తిరస్కరించడమైనది’ అన్న ఒక్క వాక్యం, కింద సంతకం, ఊదారంగు ముద్ర. అంతే! న్యాయమూర్తి ఫైలు తెప్పించి చూశారు. ఢిల్లీలోని భారత బార్ కౌన్సిల్‌కు పంపినట్టు ఒక్క కాగితమూ లేదు. తిరస్కరణ ఉత్తర్వు రద్దు చేసి, నా వాదన విని చట్టప్రకారం మళ్లీ నిర్ణయించమని కమిటీని ఆదేశించారు.

అనర్హతల గురించిన 24ఎ సెక్షన్ చెప్పేది నేరం రుజువైనవారి గురించి, కేసు ఉన్నవారి గురించి కాదన్న మా వాదనపై కోర్టు ఏమీ తేల్చలేదు. నాకు అదే బాధ. ఇలాంటి కేసులున్న విద్యార్థులు ఎందరో ఉన్నారు.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి అడిగినవారికి: చట్టంలో ఉన్నది 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

కమిటీ ముందు రాతపూర్వక వాదన దాఖలు చేశాను. నిర్ణయం రావాలి.