చైల్డ్ ప్రొటెక్షన్ పాలసీ మీద సంతకం పెట్టమంటున్నారు, ముందు ఏం అడగాలి?

కొత్తగా వచ్చిన అమ్మ:
అందరికీ నమస్కారం. మేము ఈ దేశం వచ్చి మూడు వారాలైంది. మా పాపకు 7 ఏళ్లు, వచ్చే నెల నుంచి ఇంటర్నేషనల్ స్కూల్‌కి వెళ్తుంది. అడ్మిషన్ కాగితాలతో పాటు 40 పేజీల చైల్డ్ ప్రొటెక్షన్ పాలసీ పంపి, చదివి సంతకం పెట్టమన్నారు. రెండుసార్లు చదివాను. అన్నీ మంచి మాటలే. కానీ ఏదైనా జరిగితే నేను ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం తెలియలేదు. ఇక్కడి భాష మాకు రాదు, పాపకి ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. స్కూల్‌ని ఏమేం అడగాలో కాస్త చెప్పండి.

పదేళ్లుగా ఇక్కడున్న నాన్న:
అమ్మా, పాలసీ సంగతి తర్వాత చూద్దాం, ముందు బస్సు సంగతి చూడండి. పాపని ఎవరి చేతికి అప్పగించాలో పేర్లు రాసి ఇవ్వండి. ఆ జాబితాలో లేని మనిషి వస్తే పంపొద్దని రాతపూర్వకంగా చెప్పండి. డ్రైవర్ ఒక్కడేనా, బస్సులో ఇంకో పెద్ద మనిషి ఉంటారా అని అడగండి. రోజూ ఉండే డ్రైవర్ సెలవు పెడితే వచ్చే మనిషిని కూడా స్కూలు తనిఖీ చేసిందో లేదో అడగండి. మా అబ్బాయిని ఒకసారి వేరే స్టాపులో దింపేసి వెళ్లిపోయారు. అరగంట నా ప్రాణం నాలో లేదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
చెల్లీ, నువ్వు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న నాలుగేళ్ల క్రితం నేను అడగలేదు. అందుకే మా ఇంట్లో జరిగింది మొత్తం రాస్తున్నాను.

మా బాబుకి అప్పుడు 10 ఏళ్లు. స్కూలయ్యాక వయొలిన్ క్లాసు, వారానికి రెండు రోజులు. గదిలో టీచరూ వాడూ ఇద్దరే. మొదట్లో ఎగురుకుంటూ వెళ్లేవాడు. ఉన్నట్టుండి కడుపు నొప్పి మొదలైంది. మంగళవారం, గురువారం మాత్రమే. మిగతా రోజులు శుభ్రంగా ఉండేవాడు. బద్ధకం అనుకుని రెండు వారాలు నేనే కోప్పడి పంపాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి. ఒక రాత్రి వాడి ట్యాబ్ ఛార్జింగ్‌కి పెడుతుంటే టీచర్ నుంచి మెసేజ్ వచ్చింది. టైమ్ పదకొండు దాటింది. ‘నిద్రపోయావా? మన మాటలు అమ్మకి చెప్పకు, తనకి అర్థం కావు.’ పైకి జరిపి చూస్తే అలాంటివి రెండు నెలల నుంచీ ఉన్నాయి.

మర్నాడు గేటు దగ్గర క్లాస్ టీచర్‌ని ఆపి నోటితో చెప్పాను. ‘నేను చూసుకుంటాను’ అంది. వారం గడిచింది, ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసుకి వెళ్తే మా దగ్గర ఏమీ నమోదు కాలేదన్నారు. ఇంకో వారానికి ప్రిన్సిపాల్ బాబుని తీసుకుని రమ్మన్నారు. లోపలికి అడుగుపెడితే ఆ టీచర్ అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, వాడి గోళ్లు నా అరచేతిలో దిగాయి. ‘ఏమైంది నాన్నా, చెప్పు’ అని ప్రిన్సిపాల్ అడిగితే ‘ఏం లేదు’ అన్నాడు. ఎదురుగా ఆ మనిషి ఉంటే ఎలా చెబుతాడు? ఏదో అపార్థం అని తేల్చి మమ్మల్ని పంపించేశారు.

ఇలాంటివి చూడటానికే స్కూల్లో ఒక మనిషి ఉన్నారని ఆ సాయంత్రం తెలిసిన టీచర్ ఒకరు చెబితే గానీ మాకు తెలియలేదు. ఆమెకి మెయిల్ రాశాను. ఏ తేదీన ఎవరికి ఏం చెప్పానో, బాబు ఏ మాటలు అన్నాడో అవే మాటల్లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆ టీచర్‌ని పిల్లల దగ్గరికి రాకుండా ఆపి, విషయాన్ని బయటి అధికారులకు పంపారు. కాబట్టి ఆ మనిషి పేరు, ఫోటో, మెయిల్ ఐడీ సంతకం పెట్టకముందే తీసుకో.

స్కూల్లో పనిచేసే టీచర్:
అక్కా, చదువుతుంటే గుండె బరువెక్కింది. మీరు చెప్పిన ఆ మనిషిని చాలా స్కూళ్లలో డిజిగ్నేటెడ్ సేఫ్‌గార్డింగ్ లీడ్ అంటారు, పొట్టిగా డీఎస్ఎల్. పిల్లాడినీ ఆరోపణ వచ్చిన మనిషినీ ఒక గదిలో కూర్చోబెట్టడం చాలా పెద్ద తప్పు. క్లాస్ టీచర్ చేయాల్సింది విన్నది విన్నట్టు రాసి అదే రోజు డీఎస్ఎల్‌కి ఇవ్వడం. పంచాయితీ పెట్టడం ఎవరి పనీ కాదు.

కొత్తగా వచ్చిన అమ్మగారూ, మీరు అడగాల్సినవి ఇవి. డీఎస్ఎల్ సెలవులో ఉంటే ఎవరు? ఫిర్యాదు ప్రిన్సిపాల్ మీదే అయితే ఎవరికి ఇవ్వాలి? (స్కూల్ని నడిపే బోర్డు అధ్యక్షులకి అని జవాబు రావాలి.) ఒక్కో పిల్లకి విడిగా క్లాసు చెప్పే గది తలుపుకి అద్దం ఉందా? టీచర్లు సొంత ఫోన్ నుంచి పిల్లలకి మెసేజ్ చేయొచ్చా? ఈత అయ్యాక చిన్నపిల్లలు బట్టలు మార్చుకునే చోట ఎవరుంటారు?

ఇంట్లో పాప ఏదైనా చెబితే ‘అక్కడ ముట్టుకున్నాడా, ఇలా చేశాడా’ అని మీరు మాటలు అందించొద్దు. ‘తర్వాత ఏమైంది’ అంటే చాలు. ‘ఎవరికీ చెప్పను’ అని ఒట్టు వేయొద్దు, మీరు చెప్పి తీరాలి కదా.

పదేళ్లుగా ఇక్కడున్న నాన్న:
ఇంత టెన్షన్ పెట్టాలా ఆ అమ్మాయిని? పెద్ద స్కూళ్లన్నీ పోలీస్ క్లియరెన్స్ చూసే తీసుకుంటాయి. సర్టిఫికెట్ ఉంటే భయం లేదు.

స్కూల్లో పనిచేసే టీచర్:
అన్నగారూ, క్షమించాలి, ఆ మాట ఒప్పుకోలేను. విలియం వేహీ అనే అమెరికన్ టీచర్‌కి 1969లోనే కాలిఫోర్నియాలో పిల్లల మీద నేరానికి శిక్ష పడింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు దేశం మార్చి దేశం ఇంటర్నేషనల్ స్కూళ్లలోనే పాఠాలు చెప్పాడు. 2014లో అతని పెన్‌డ్రైవ్ బయటపడ్డాకే సంగతి తెలిసింది. ఇంటర్నేషనల్ స్కూళ్ల సంస్థలు కలిసి పిల్లల రక్షణ కోసం టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నది కూడా ఆ ఏడాదే. పోలీస్ సర్టిఫికెట్‌లో నమోదైన నేరమే కనబడుతుంది, అదీ ఆ ఒక్క దేశంలోది. టీచర్ పనిచేసిన ప్రతి దేశం నుంచీ సర్టిఫికెట్ తెప్పించారా, పాత ప్రిన్సిపాల్‌తో ఫోన్లో మాట్లాడారా, మధ్యలో ఖాళీ ఉన్న ఏళ్ల గురించి అడిగారా అన్నది చూడాలి. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లయితే, విదేశాల్లో పిల్లలతో పనిచేయబోయేవాళ్ల కోసం ఐసీపీసీ అనే సర్టిఫికెట్ విడిగా ఉంది.

ఇద్దరు పిల్లల అమ్మ:
అవును. మా దగ్గర కూడా ఆ టీచర్ చేత రాజీనామా చేయించి మంచి రిఫరెన్స్ ఇచ్చి పంపేద్దామని మొదట చూశారు. అలా పంపితే ఇంకో ఊళ్లో ఇంకో పిల్లాడి దగ్గరికి పోతాడు. నేను ఒప్పుకోలేదు.

పదేళ్లుగా ఇక్కడున్న నాన్న:
సరే, సర్టిఫికెట్ విషయంలో నాదే పొరపాటు. కానీ ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. ఈ పాలసీ తల్లిదండ్రుల మీద కూడా పనిచేస్తుంది. పిల్ల చేతి మీద కమిలిన మచ్చ చూస్తే స్కూలు మనల్నే అడుగుతుంది. ఇంటి విషయాల్లో ఇంత దూరం రావడం నాకైతే సబబు అనిపించదు.

స్కూల్లో పనిచేసే టీచర్:
అడగాలి కూడా. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం, 19వ అధికరణం చూడండి. తల్లిదండ్రుల చేతిలో దెబ్బలు తినకుండా కాపాడటం కూడా అందులో ఉంది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని నిషేధించింది, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. మచ్చ గురించి అడిగే స్కూలే వయొలిన్ టీచర్ గురించి కూడా అడుగుతుంది. ఒకటి కావాలి, ఇంకోటి వద్దు అంటే కుదరదు.

భాష సంగతి మర్చిపోయాను. పాప ఏదైనా చెప్పాల్సి వస్తే సొంత భాషలో చెప్పనివ్వాలి. అనువాదానికి మన సంఘంలోని ఇంకో పాప తల్లిని పిలవొద్దని ముందే చెప్పండి. ఉన్నదే కొద్దిమంది, పాప సిగ్గుతో నోరు మూసుకుంటుంది. శరీర భాగాల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నేర్పండి, ముద్దుపేర్లు కాదు.

కొత్తగా వచ్చిన అమ్మ:
అక్కా, అన్నగారూ, టీచర్ గారూ, అందరికీ చాలా థాంక్స్. పొద్దున ఆఫీసుకి ఫోన్ చేసి డీఎస్ఎల్ ఎవరని అడిగాను. ఫోన్ ఎత్తినావిడకి తెలియదు, గంట తర్వాత మళ్లీ చేసి పేరు చెప్పింది. ప్రిన్సిపాల్ మీద ఫిర్యాదైతే ఎవరికి ఇవ్వాలన్నదానికి ఇంకా జవాబు రాలేదు. సోమవారం పదింటికి వెళ్లి డీఎస్ఎల్‌ని కలిసి, మ్యూజిక్ గదులు చూపించమంటాను. పాపని కూడా తీసుకెళ్తున్నాను, ఆమె మొహం గుర్తుపెట్టుకోవాలి కదా. సంతకం ఆ తర్వాతే.